మూడు వందల పది పౌన్లు

నా పేరు రెనా హోక్‌స్ట్రా. వయసు ఇరవై. ఉండేది మోంటానా రాష్ట్రం, పైన్ ఫోర్క్ ఊళ్లో, లాండ్రీ మీది గదిలో. లైల్ ట్రాస్క్ ట్రైలర్ యార్డులో రెండేళ్లుగా పనిచేస్తున్నాను. జనం కొన్న క్యాంపింగ్ ట్రైలర్లను, అంటే చక్రాల మీది ఇళ్లను, వాళ్ల పికప్ ట్రక్కులకు తగిలించి ఇవ్వడం నా పని. ఆ పని ఇంకా ఉందో లేదో లైల్‌నే అడగాలి.

నేను చెబుతుంటే తాను టైపు చేస్తానని ఈ పోలీసు స్టేషన్లోని డెప్యూటీ బ్రెకీ గారు అన్నారు. వద్దన్నాను. నా మాట నా చేత్తోనే రాస్తాను.

నా మీద ఫిర్యాదు ఏమంటే, ట్రక్కుకు ట్రైలర్ తగిలించే కొక్కెం, లైల్ సొత్తు, ఎత్తుకుపోయి అతని వ్యాపారానికి అడ్డుపడ్డానని. ఎత్తుకుపోయాను. అడ్డుపడ్డాను. రెండూ నిజమే. ఇక జరిగింది వినండి.

ఈ రోజు, జూన్ పద్నాలుగు, శుక్రవారం, ఉదయం పది ఇరవైకి డ్వేన్ కెటిల్సన్ యార్డుకు వచ్చాడు. రంపపు మిల్లులో పని అతనిది. వెంట భార్య మార్లిస్, ఇద్దరు పిల్లలు, ఒక పెద్ద కుక్క. ముప్పై అడుగుల ట్రైలర్ ముందే ఖాయం చేసుకున్నాడు. మధ్యాహ్నం తగిలించుకుని, ఇంటి దగ్గర ఆగి, అటునుంచి అటే రేవెన్ కనుమ దాటి సరస్సుకు వెళ్లాలని వాళ్ల ప్లాను.

లైల్ అతని భుజం తట్టి, "నీ ట్రక్కు తొమ్మిది వేల పౌన్లు లాగుతుంది డ్వేన్. ఇదేమో ఏడు వేలు. ఇంకా రెండు వేలు మిగులు. మీ అత్తగారిని కూడా ఎక్కించుకో" అన్నాడు.

"ఆవిడ ఒక్కతే రెండు వేలు" అన్నాడు డ్వేన్. మార్లిస్ మోచేత్తో పొడిచింది.

నేను డ్వేన్‌ని అడిగాను. "ఏడు వేలు ఖాళీ డబ్బా బరువు. నీళ్ల ట్యాంకు ఎక్కడ నింపుతారు?"

"ఇంకెక్కడ, మా బావి దగ్గరే. సరస్సు దగ్గరి నీళ్లు కుళ్లిన గుడ్ల కంపు."

ఈ ఊళ్లో అందరూ చేసేది అదే. ఇంటి నీళ్లు నింపుకుని కనుమ ఎక్కుతారు. ఆ నీళ్లే నాలుగు వందల పౌన్లు. గ్యాసు బండలు, బ్యాటరీ, పరుపులు, గిన్నెలు, తిండి, మరో వెయ్యి. మొత్తం ఎనిమిది వేల నాలుగు వందలు. దాంట్లో ఎనిమిదో వంతు ట్రైలర్ మూతి మీదుగా ట్రక్కు నడుం మీద పడుతుంది. అంటే వెయ్యిన్నీ యాభై.

లైబ్రరీ గుమ్మం పక్కన హైవే శాఖ వాళ్లు ఉచితంగా పెట్టే కరపత్రాలున్నాయి. అన్నీ చదివాను. మిల్లు యూనియన్ వాళ్లవీ చదివాను. నాకు కాలేజీ లేదు, అవే నా కాలేజీ. లాగడం వేరు, మోయడం వేరు. గుర్రం బండెడు గడ్డి లాగుతుంది. అదే గడ్డి దాని వీపు మీద వేస్తే నడుం విరుగుతుంది. ట్రక్కు ఎంత మోయగలదో డ్రైవరు తలుపు తెరిస్తే అంచున అంటించిన కాగితం మీద ఉంటుంది. రోజూ తెరిచే తలుపే, ఆ కాగితం మాత్రం ఎవడూ చదవడు.

ఇదంతా చెప్పాను. లైల్ నవ్వి, "మా రెనాకి కరపత్రాలే తిండి. సూపులో కూడా కాగితం నంజుకుంటుంది" అన్నాడు. డ్వేన్ కూడా నవ్వాడు. మార్లిస్ నవ్వలేదు.

పదకొండున్నరకు లైల్ నన్ను షెడ్డు వెనక్కి పిలిచాడు. "ట్రక్కు వెనక గాలి తిత్తులు బిగించు. నడుం కిందికి వంగకుండా ఉంటుంది. సమంగా నిలబడితే డ్వేన్‌కి దిగులుండదు."

నేను బిగించనన్నాను.

ఎందుకు బిగించనన్నానో రాస్తాను. పోయిన సెప్టెంబరు తొమ్మిదిన రిటైరైన పోస్ట్‌మాన్ హార్లన్ వీట్ ట్రక్కుకు ఇవే తిత్తులు నేనే బిగించాను. ఈ చేతులతోనే. ట్రక్కు నడుం లేచి చక్కగా నిలబడింది. ఆయన నాకు పీచ్ పండు ఇచ్చాడు. తిత్తులు వంపును దాస్తాయి, బరువును తగ్గించవు. అది నాకప్పుడు తెలియదు. కనుమ దిగేటప్పుడు ట్రైలర్ తోక ఊపి ట్రక్కును పక్కకు తోసేసింది. శిథిలాన్ని తేవడానికి క్రేను బండితో నేనూ వెళ్లాను. గోడలన్నీ తునకలు. ఒక్క నీలం కప్పు మాత్రం ఒక గోడ ముక్క మీది మేకుకు వేలాడుతోంది. చెక్కు కూడా చెదరలేదు. హార్లన్ వీట్ చనిపోయాడు, కప్పు చెక్కుచెదరలేదు. కరపత్రాలు చదవడం ఆ తర్వాతే మొదలుపెట్టాను.

లైల్‌తో ఆ మాటే అన్నాను. "అది గాలి వల్ల జరిగిందని రిపోర్టులో ఉంది. నీకు జీతమిచ్చేది బిగించడానికి, ఉపన్యాసాలకు కాదు" అన్నాడు.

"బిగించడానికే ఇస్తున్నావు. పాతిపెట్టడానికి కాదు" అన్నాను. ఈ మాట అన్నానని అతను ఫిర్యాదులో రాశాడట. అన్నాను.

తిత్తులు అతనే బిగించాడు. ఒంటిగంట ఐదుకు డ్వేన్ ట్రక్కుకు కొత్త కొక్కెం పెట్టాడు. ట్రైలర్ మూతి కూర్చునే ఉక్కు బంతి ఉండేది దీనికే. ట్రైలర్‌ని ఇంకా తగిలించలేదు. లైల్ సంతకాల కాగితాలు తేవడానికి లోపలికి వెళ్లాడు. నేను చీల లాగి, కొక్కెం ఊడదీసి, భుజాన వేసుకుని రోడ్డు దాటాను. ఎదురుగా కంకర యార్డు. అక్కడ లారీలు తూచే కాటా ఉంది. కాటా మధ్యలో కొక్కెం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. టైము ఒకటీ పది.

కాటా చూసుకునే బర్నీస్ ఓటో కిటికీలోంచి, "నువ్వూ ఆ ఇనుమూ కలిసి నూట అరవై పౌన్లు. కాస్త తిండి తినవే పిల్లా" అంది.

డ్వేన్ ట్రక్కు వేసుకుని వచ్చేశాడు. మొహం కందగడ్డలా ఉంది. "ఇటివ్వు. మా నాన్న ఇంతకన్నా చిన్న ట్రక్కుతో ఇంతకన్నా పెద్దవి లాగాడు."

"మీ నాన్న ట్రక్కును ఎప్పుడైనా తూచాడా? మీరెక్కిన ట్రక్కును ఈ కాటా మీద పెట్టండి. లెక్క సరిపోతే నేనే తగిలించి, మీకు క్షమాపణ చెప్పి, ఉద్యోగం మానేస్తాను."

అతను కదల్లేదు. మార్లిస్ దిగింది. డ్రైవరు తలుపు తెరిచి, వంగి, ఆ కాగితం చదివింది. "సామానుతో, మనుషులతో కలిపి ట్రక్కు ఏడు వేలు మించకూడదట" అంది. తర్వాత మళ్లీ ఎక్కి, "పెట్టు డ్వేన్" అంది.

పెట్టాడు. నేను పక్కకు తప్పుకున్నాను. నలుగురు మనుషులు, కుక్క, ఐసు పెట్టె, పనిముట్లు, కట్టెలు. బర్నీస్ గట్టిగా చదివింది. "ఆరు వేల ఆరు వందల తొంభై."

మిగిలింది మూడు వందల పది. ట్రైలర్ మూతి వెయ్యిన్నీ యాభై. తీసివేత పిల్లలే చేశారు.

మార్లిస్ నన్ను అడిగింది. "మరి దీనికి ఏది సరిపోతుంది?"

యార్డు వెనక మూల, గుడ్డ గోడల మడత ట్రైలర్ ఒకటుంది. మూడేళ్లుగా ఎవరూ అడగలేదు. నిండా సర్దినా ఇరవైరెండు వందలు దాటదు. దాని మూతి బరువు రెండు వందల డెబ్బై అయిదుకు మించదు. అదే చెప్పాను.

"అది టెంటు కదా" అన్నాడు డ్వేన్.

"చక్రాలున్న టెంటు" అంది మార్లిస్. "నీళ్లు కంపు కొడితే కాఫీ పెట్టుకుందాం."

డ్వేన్ అవుననలేదు, కాదనలేదు. ఒకటీ నలభైకి డెప్యూటీ గారు వచ్చి నన్ను తీసుకొచ్చారు. నేను పెనుగులాడలేదు, పారిపోలేదు. కొక్కెం మాత్రం లైల్ చేతికివ్వలేదు.

ఆ కొక్కెం ఇప్పుడు ఈ బల్ల మీదే ఉంది. ముప్పై ఒక్క పౌన్లు. సాయంత్రం ఐదింటికి లైల్ దాని కోసం వస్తాడని, సొత్తు కాబట్టి ఇచ్చేయాల్సిందేనని డెప్యూటీ గారు అంటున్నారు. చట్టం మీది, ఇవ్వండి. పెద్ద ట్రైలర్‌ని తగిలించడానికే ఇస్తారో, మడత ట్రైలర్‌కి ఇస్తారో నాకు తెలియదు. నన్ను జైల్లో పెట్టినా, రేపు వదిలేసినా, ఇంకో ట్రక్కు అలాగే వస్తే ఇంకో కొక్కెం ఊడదీస్తాను.

ఎవరూ బెదిరించకుండా, ఎవరూ నేర్పకుండా ఇది నేనే రాశాను. రెండుసార్లు చదువుకున్నాను. ఇందులో ఒక్క అక్షరం కూడా వెనక్కి తీసుకోను.

సంతకం: రెనా హోక్‌స్ట్రా

డెప్యూటీ గారూ, నా సంతకం కింద రెండు గీతలు ఖాళీగా వదిలాను. కొక్కెం ఇచ్చేటప్పుడు ఏ ట్రైలర్‌కి ఇచ్చారో మొదటి గీత మీద, ఏ టైముకి ఇచ్చారో రెండో గీత మీద రాసి, పక్కన మీ పేరు పెట్టండి.

____________________

____________________