నూటపన్నెండో పేజీ ఫొటో

1992. పెద్దల అమావాస్య పెత్రమాస వెళ్లిన నాలుగో రోజు పొద్దున, కరీంనగర్‌లో ఒక కాలేజీ లైబ్రరీ. హుజూరాబాద్ బట్టల వ్యాపారి భూమన్న సంచిలో లండన్ నుంచి అరువుకు వచ్చిన పుస్తకం ఒకటి, అయిదు వేల రూపాయలు ఉన్నాయి. బల్లకు అవతల లైబ్రేరియన్ రాజేశ్వర్‌రావు.

"తలుపు దగ్గరికేసి రా భూమన్నా. నర్మద రాలే?"

"బిడ్డ హైదరాబాద్ పోయింది సారూ, గైడు సారు పిలిచిండని. నేనే తెచ్చిన. చూస్కోండ్రి, మూల సుత నలగలే."

"చూడకుంట తీస్కుంటనా? పదకొండింటికి పార్సిల్ కట్టాలె. గిది బజార్ల దొరికే పుస్తకం కాదు. ఎవరో తెల్లదొర డాక్టరేట్ కోసం టైపు కొట్టించిన థీసిస్. ఇంటికియ్యద్దు, లైబ్రరీల కూసోవెట్టే చదివియ్యాలె అని లండన్ లైబ్రరోల్లు రాసిండ్రు. నీ మొకం చూసి ఇచ్చిన."

"ఒట్టి మొకమేనా? రానుపోను పోస్టేజీ, ఇన్సూరెన్సు కలిపి ఆరు వందల నలభై ముందే కట్టిన గద."

"గవి లండన్‌కు పోయినయి, నా ఇంటికి రాలే. ఆగు. నూటపన్నెండో పేజీ."

"ఏమైంది?"

"గీ ఫొటో ఏంది గిట్ల మెరుస్తుంది?"

"ఫొటో అన్నంక మెరవదా?"

"నలభై ఏండ్ల కింద అతికించినయి. మిగిలినయన్నీ చాయ్ రంగుకొచ్చినయి. గిదొక్కటే నిన్నటి పెండ్లి ఫొటో లెక్కున్నది."

"మంచి కాయిదం పడ్డదేమో."

"ప్రతి ఫొటో మూలకు వాళ్ల ఉబ్బు ముద్ర ఉంటది. వేలు పెడితే తగలాలె. గిండ్ల కండ్లకు కనబడుతుంది, వేలికి తగుల్తలేదు."

"జర మంచినీళ్లున్నయా సారూ?"

"అసలుది ఏది?"

"ఏ అసలుది?"

"పరాచికాలాడకు."

"మెల్లగ మాట్లాడుండ్రి, బయట ప్యూను ఉన్నడు. తప్పయింది సారూ. మా అవ్వ."

"మీ అవ్వ ఏం జేసింది?"

"ఫొటో కింద పేరు చదవుండ్రి."

"సిరికొండ రాజయ్య, మగ్గం మీద, హుజూరాబాద్, 1949."

"మా బాపు. దొర ఫొటో తీసుకొని పోయిన మరుసటేడే కలరాల పోయిండు. ఇంట్ల ఆయన ఫొటో ఒక్కటి లేదు. సాలోల్ల మగ్గాల మీద పుస్తకమని నర్మద తెప్పించింది. లోపల తాత ఉన్నడని దానికి ముందు తెల్వదు."

"అయితే?"

"యేటా పెత్రమాసకు బాపు పేరు మీద బియ్యమిస్తం, పీట మీద ఒట్టి చెంబు పెట్టి. ఈసారి అవ్వ పట్టు పట్టింది. ఆవిరి పట్టి ఊడదీసి, బొట్టు పెట్టి—"

"బొట్టు పెట్టిందా?"

"పెట్టింది. ఇగ ఇయ్యనంటుంది."

"నువ్వు స్టూడియోకు ఉరికినవు."

"అరవై తీసుకున్నడు. గంత దూరంల వేలు పెట్టి ఎవలు చూస్తరనుకున్న."

"చూస్తరు. గదే వాళ్ల కొలువు. ఖరాబు చేస్తే నూరు పౌండ్ల జరిమానా."

"నాలుగు వేల ఎనిమిది వందలు. కనుక్కొనే వచ్చిన. ఐదు తెచ్చిన, లెక్కపెట్టుండ్రి."

"సంచిల పెట్టు. మార్చిల నా రిటైర్మెంట్. ఇంటికిచ్చిన్నని రిజిస్టర్ల నా సంతకమున్నది. సస్పెండ్ చేస్తే పింఛను ఆగుతది. మా ఇంట్ల ఇద్దరం మందుల మీదనే నడుస్తున్నం భూమన్నా."

"పోయిందని రాస్తే?"

"పోయిందంటే దొంగతనం. పుస్తకం ఎవరి పేరు మీదున్నది? మొదలు నీ బిడ్డనే అడుగుతరు."

"నర్మద జోలికి రాకుండ్రి సారూ."

"నేనొస్తనా? కాయిదమొస్తది. ఇంక ఆమెకు ఏ దేశపు పుస్తకం రాదు, గీ కాలేజీకే రాదు."

"గట్ల భయపెట్టకుండ్రి."

"నేను భయపడుతున్న, నిన్నేం పెడుత? ఇను, ఒక పని చెయ్యి. పార్సిల్ సాయంత్రానికి ఆపుత. గీ కాపీ తీస్కపోయి పీట మీద పెట్టు, అసలుది పట్టుకరా. బొట్టు నేను దూదితోని మెల్లగ తీస్త. ముసలామెకు తేడా ఏం తెలుస్తది?"

"తెల్వది."

"మరి లే. బస్సు పోతది."

"హుజూరాబాద్ పోయేది లేదు సారూ."

"గదేంది? గంతగనం పోల్చుకుంటదా?"

"అవ్వకు కండ్లు పోయి ఆరేండ్లాయె."

"మరి ఊడదీసింది—"

"నేనే. ఆమె ఏం అడగలే. బాపు పోయిన్నాడు నాకు నాలుగేండ్లు, మొకం యాదికి లేదు. బొట్టు సుత అబద్ధం, ఖరాబైతదని చెంబుకే పెట్టిన. కాపీ ఉంచుకుందామంటే మనసొప్పలే. స్టూడియోవాడు కాయిదాన్ని చూసి తీసిండు. గిది బాపును చూసి తీసింది."

"ఎక్కడున్నదిప్పుడు?"

"గిదిగో, అంగి లోపలి జేబుల. వేలు పెట్టుండ్రి, ముద్ర తగుల్తది. ఖర్చు ఏడు వందలు సారూ. రాబడి, నాలుగు రోజులు బాపును వెంటపెట్టుకొని దుకాణంల కూసున్న. బంక సీసా తీయుండ్రి, అతికిద్దాం."