వెర్నా వస్తానంటోంది

దేశమంతా పనులు పోయి జనం అల్లాడుతున్న ఏడాది అది. నెబ్రాస్కాలో మంచు పడుతున్న ఓ మధ్యాహ్నం, గుండె జబ్బుతో మంచం పట్టిన ఆర్విడ్‌కి భార్య థెల్మా బంగాళాదుంపల సూపు తెచ్చింది. పొద్దుటి నుంచీ ఓ మాట ఆమె నోట్లోనే నానుతోంది.

"ఉప్పెక్కువైంది," అన్నాడతను.

"అసలు ఉప్పే వెయ్యలేదు. డాక్టరు వద్దన్నాడుగా."

"అయితే నీ మొహం చూసి అలా అనిపించిందేమో. ఏంటి సంగతి?"

"ఏముంది, కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి."

"నేనడిగింది కోళ్ల సంగతి కాదు."

ఆమె అతని దుప్పటి సర్దింది. "ఒమాహాలో అల్లుడు పనిచేసే ఫ్యాక్టరీ మూసేశారట. ఇల్లు కూడా ఖాళీ చెయ్యమన్నారు. అందరూ ఇక్కడికొచ్చేస్తామంటోంది వెర్నా."

"ఎప్పుడు?"

"నేనింకా రమ్మనలేదు. నీ దగ్గర అలికిడి ఉండకూడదన్నాడు డాక్టరు. దాని పిల్లలేమో ఇల్లు పీకి పందిరేస్తారు."

"చలి కాచుకునే పొయ్యి ఉన్నది ఈ గదిలోనేగా. పిల్లల పక్కలు ఇక్కడే వెయ్యి."

"మరి నీ గుండె?"

"ఈ నిశ్శబ్దంలో రోజంతా దాని చప్పుడే వింటున్నాను. విసుగొచ్చింది, థెల్మా."

ఆమె కళ్లు తుడుచుకుని గిన్నె తీసింది.

"రమ్మని కబురు పెట్టు. ముందు కాసిని వేణ్ణీళ్లు కాచు."

"ఎందుకు?"

"గడ్డం గీసుకోవాలి. ఈ అవతారం చూస్తే పిల్లలు జడుసుకుంటారు."

గడ్డం గీస్తానని ఆమె ఎన్నాళ్లుగా బతిమాలినా గోడవైపు తిరిగి పడుకున్న మనిషి. ఆమె వేణ్ణీళ్లు తెచ్చేసరికి, మంచం పట్టె పట్టుకుని తనంతట తానే లేచి కూర్చున్నాడు.