పదో గోలు

కొంప ముంచావు కదా బాబాయ్! ఆఖరి మ్యాచ్‌కి ముందు అంత పొట్టిగా కొట్టమని ఎవడు చెప్పాడు నీకు? నెత్తి మీద మెషిన్ పెట్టి గడ్డి కోసినట్టు కోసేశావు. ఒక్క వేలెడు జుట్టు వదిలుంటే నాకీ తిప్పలు ఉండేవి కావు.

నవ్వుతావేంటి? నేను జోకు వెయ్యట్లేదు. సరే, సగం జోకే. మిగతా సగం కడుపుమంట.

గడ్డం గియ్యి, పక్కలు సర్దు, చాలు. నాలుగింటికి ఫొటో ఉంది. వచ్చే సీజన్ పోస్టర్‌కి. క్లబ్బు ఆఫీసు నుంచి పొద్దున్నించి మూడుసార్లు ఫోను. శుభ్రంగా రమ్మని, వచ్చేటప్పుడు ఆ కాగితం మర్చిపోవద్దని. కాగితం ఇస్తేనే ఫొటో. ఇవ్వకపోతే ఫొటో లేదు, పోస్టరూ లేదు, వచ్చే సీజన్లో నేనూ లేను.

ఏ కాగితమా? అదే చెప్తున్నా. ముందు నువ్వా కత్తి కాస్త పక్కకి పెట్టు, చేతులూపకుండా మాట్లాడటం నావల్ల కాదు.

కదలకుండా ఎలా కూర్చోమంటావు? పన్నెండు రోజుల్నించి కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నా. ఇంట్లో కూర్చోలేను, గ్రౌండుకెళ్తే నిలబడలేను. నిన్న సూపర్ మార్కెట్లో పాల ప్యాకెట్ల ముందు అరగంట నిలబడ్డానంట. మా ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

నా అగ్రిమెంటు సంగతి తెలుసుగా నీకు? ఈ సీజన్లో పది గోల్స్ కొడితే ఇంకో ఏడాది ఇక్కడే. తొమ్మిది దగ్గర ఆగితే ఓ పూలగుత్తి ఇస్తారు, తలుపు చూపిస్తారు. ముప్పై రెండేళ్ల స్ట్రైకర్ని ఇంకెవడు తీసుకుంటాడు చెప్పు? గోల్స్ కొట్టడం తప్ప నాకు ఇంకో పని వచ్చి చస్తే కదా!

ఏడేళ్లలో నాలుగు దేశాలు తిరిగాం బాబాయ్. మా పాప ఒక భాషలో అంకెలు నేర్చుకుంటే ఇంకో భాషలో కూడికలు నేర్చుకుంది. మా ఆవిడ ఏ ఇంట్లోనూ కిటికీలకి కర్టెన్లు పెట్టలేదు. ఎన్నాళ్లుంటామో ఏంటో అని దుప్పట్లే కట్టేది. పోయిన నెల మొదటిసారి టేపు పెట్టి కొలిచి మరీ కర్టెన్లు కుట్టించింది. ఆకుపచ్చవి. ఆ కర్టెన్లు చూస్తే భయమేస్తోంది నాకు.

ఆఁ, సరే, నురుగు రాయి. మాట్లాడతానంతే, తల కదపను.

ఆఖరి మ్యాచ్ వరకూ తొమ్మిదే. ఎనభై మూడో నిమిషం. పైనుంచి కుండపోత వాన. మేజోళ్లలో నీళ్లు పచక్ పచక్‌మంటున్నాయి. కుడివైపు గీత పక్కనుంచి మా గోడన్న గోల్ వైపు బంతి ఎత్తి కొట్టాడు. వాడు ఎత్తితే ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను పరిగెత్తా, మొదటి గోల్‌పోస్టు దగ్గర గాల్లోకి లేచా, మెడ ఇలా తిప్పా...

అయ్యో, సారీ సారీ. తెగలేదుగా? తెగితే తెగనీలే.

వెనక్కి తిరిగి చూస్తే బంతి వలలో ఉంది! గోల్‌కీపర్ నా కాళ్ల దగ్గర బురదలో పడున్నాడు. స్టేడియం లేచి అరుస్తోంది. నేను చేతులు చాపుకుని మూలకి పరిగెత్తా. ఏం ఆలోచించలేదు బాబాయ్, ఒట్టు. కాళ్లు వాటంతటవే పరిగెత్తాయి. పదో గోలు కదా! మా ఆవిడ, పాప, ఆకుపచ్చ కర్టెన్లు, అన్నీ కళ్ల ముందు గిర్రున తిరిగాయి.

అందరూ నా మీద పడ్డారు. అందరికంటే వెనక గోడన్న వచ్చాడు. రొప్పుతున్నాడు. నా తల రెండు చేతులతో పట్టుకుని, "బంతి తగిలిందా తమ్ముడూ?" అన్నాడు.

నేను తల మీద వేలు పెట్టి చూపించా. ఇక్కడ. ఎడమవైపు, పైన.

అంతే. ఇంకేం అనలేదు వాడు. నుదుటి మీద ముద్దు పెట్టుకుని వెనక్కి వెళ్లి తన చోట నిలబడ్డాడు.

నీకు గోడన్న గురించి నేను చెప్పేదేముంది! నన్ను నీ కుర్చీలో మొదటిసారి కూర్చోబెట్టిందే వాడు. "మన భాషలో తిట్టించుకుంటూ క్రాఫు చేయించుకోవాలంటే ఈ ఊళ్లో ఈ ఒక్క షాపే" అని లాక్కొచ్చాడు. పద్నాలుగేళ్లు ఆడాడు బాబాయ్, డిఫెన్సులో. అందుకే గోడ. పద్నాలుగేళ్లలో ఒక్క గోలు లేదు. టీములో అందరూ ఏడిపించేవాళ్లు, గోడ ఎక్కడైనా గోలు కొడుతుందా అని. వాళ్లమ్మాయి అడిగితే, "నేను కొట్టినవి కాదే, ఆపినవి లెక్కపెట్టు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. కానీ ఎవడైనా గోలు కొట్టినప్పుడు వాడి మొహం చూశావా ఎప్పుడైనా? పక్కింటి పెళ్లిలో నిలబడ్డ మనిషిలా ఉండేది.

ఆ రోజు వాడి ఆఖరి మ్యాచ్.

అదీ సంగతి. నీ మెషినంటే నాకెందుకంత మంటో ఇప్పుడర్థమవుతుంది, విను.

మూడో రోజు లీగ్ వాళ్ల నుంచి మెయిలొచ్చింది. ఆ గోలు ఎవరిదో తేల్చాలట. బంతి నా తలకి తగిలి వెళ్తే నాది, తగలకుండా వెళ్తే గోడన్న గోలు. దానికో కమిటీ, ముగ్గురు పెద్దమనుషులు. ఉన్నవే రెండు కెమెరాలు. ఒకదాని అద్దం నిండా వాన చినుకులు. ఇంకోదానికి గోల్‌కీపర్ అడ్డం. ఆ ముగ్గురూ వారం రోజులు చూసి చూసి, మాకు తేలట్లేదు, మీరిద్దరే రాసివ్వండి, ఇద్దరిదీ ఒకే మాటైతే అదే ఖాయం అన్నారు.

చూడు, నేను ఎగరకపోతే ఆ గోల్‌కీపర్ నా మీదకి వచ్చేవాడా? రాకపోతే బంతి లోపలికి వెళ్లేదా? వాడు చేతులు చాపి హాయిగా పట్టుకునేవాడు. అంటే సగం గోలు నాదే కదా? చెప్పవేం?

పోనీ ఇది చెప్పు. అన్నకి ఆ గోలు ఇప్పుడు ఎందుకు? వాడి ఆట అయిపోయింది. పిల్లలకి కోచింగ్ ఉద్యోగం దొరికింది, ఇల్లు ఉంది, ఊళ్లో మర్యాద ఉంది. ఒక అంకె. సున్నా పక్కన పెట్టుకోడానికి ఒక అంకె, అంతేగా? నాకది ఏడాది బతుకు. మా పాపకి ఈ స్కూల్లో ఇప్పుడిప్పుడే ఒక స్నేహితురాలు దొరికింది. ఆ పిల్లని ఎలా దూరం చెయ్యమంటావు?

నేను రోజూ నాకు నేను ఇదే చెప్పుకుంటున్నా. పొద్దున బ్రష్ చేసుకుంటూ చెప్పుకుంటే బానే ఉంటుంది. మధ్యాహ్నానికి రుచి పోతుంది.

నేను వచ్చిన కొత్తలో ఆరు నెలలు బెంచీ మీదే కూర్చున్నా కదా. ఒక్క గోలు లేదు. ప్రాక్టీసు అయిపోయి అందరూ స్నానాలకి వెళ్తే, వాడు ఉండిపోయేవాడు. "ఎక్కడ నిలబడతావో చెప్పు, బంతి అక్కడికొస్తుంది" అనేవాడు. రోజుకి వంద బంతులు ఎత్తేవాడు. చలికి ముక్కు కారుతున్నా, మోకాలికి గుడ్డ కట్టుకుని ఎత్తేవాడు. నా తొమ్మిదిలో ఏడు వాడు ఎత్తినవే. ఎయిర్‌పోర్టుకి వచ్చి నన్ను తీసుకెళ్లింది వాడు. స్టవ్ వెలిగించడం నేర్పింది వాడు. మా పాపకి జ్వరమొస్తే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది వాడు.

ఇదిగో, కాగితం చూడు. చెయ్యి తుడుచుకో, నురుగంటుతుంది. పైన వాడు రాసింది, కింద నాది. ఈ భాష నీకూ వచ్చుగా, చదువు. నేను చదవలేను.

చదివావా? "తగిలిందని తమ్ముడు చెప్పాడు. తమ్ముడు చెప్తే తగిలినట్టే." ఆ కాస్తే రాసి సంతకం పెట్టాడు. ఇంకో మాట లేదు. తిట్టినా బాగుండేది కదా బాబాయ్! నా మొహం మీద ఉమ్మినా తుడుచుకునేవాణ్ణి.

నాది కింద. "తల, ఎడమవైపు, పైన." సంతకం పొద్దున్నే పెట్టేశా. ఇవ్వడమే మిగిలింది.

తగల్లేదు బాబాయ్.

గాలి తగిలింది. బంతి వెళ్తుంటే గాలి వస్తుంది చూడు, చల్లగా, అది తగిలింది. బంతి తగల్లేదు. నువ్వు వేలెడు వదిలినా తగిలేది కాదు. జానెడు ఎత్తులో వెళ్లింది. నేను గాల్లో ఉండగానే తెలుసు నాకు. వేలు పెట్టి చూపించినప్పుడూ తెలుసు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. నీకే చెప్తున్నా మొదట.

ఏం చెయ్యమంటావు? చింపెయ్యమంటావా? చింపేస్తా. ఇప్పుడే చింపేస్తా, చూడు...

ఆగు. ఫోను. జేబులోంచి తియ్యి, ఈ గుడ్డ కింద నా చెయ్యి దూరట్లేదు. ఎవరు?

అన్నే.

ఇటియ్యి. కాదు, ఆ చెవికి కాదు, అటు నురుగుంది.

ఆఁ అన్నా... లేదు లేదు, ఖాళీయే. షాపులో ఉన్నా, గడ్డం గీయించుకుంటున్నా... ఆఁ, ఇక్కడే ఉన్నాడు, పలకరిస్తున్నాడు నిన్ను... నాలుగింటికన్నా. వెళ్లాలి... ఏంటీ? ఎవరు, మీ చిన్నదా?... ఎన్నిసార్లు చూసింది వీడియో?... అవునా... ఏమంటోంది?... అది నాన్న కొట్టిన గోలే అంటోందా?...

నువ్వేమన్నావు దానికి?...

లేదన్నా, వింటున్నా. సిగ్నల్ సరిగ్గా లేదు... ఛ ఛ, తప్పేముంది అడగడంలో? పిల్ల అడుగుతోంది కాబట్టి అడిగావు, నాకు తెలీదా... ఊఁ...

తగిలిందన్నా. కొంచెమే. ఎడమవైపు, పైన.

అలాగే. వదినకి చెప్పు. ఆదివారం వస్తాం, పాపని కూడా తీసుకొస్తా. ఉంటానన్నా.

పెట్టేశాడు. ఇదిగో ఫోను, ఆ బల్ల మీద పెట్టు. కాగితం మళ్లీ మడత పెట్టి నా జేబులో పెట్టు, తడవనీకు.

అద్దంలోంచి అలా చూడకు బాబాయ్, నీకు దణ్ణం పెడతా. కత్తి తీసుకో. టైమవుతోంది. ఈ బుగ్గ అయిపోతే పక్కలు సర్దెయ్యి.

పైన మాత్రం ముట్టుకోకు. పెరగనీ.