గంటకు పది డిగ్రీలు

ఎవరూ, ఒవీడ్ గిద్రీ మనవరాలివా? రా, ఇలా నీడలో కూర్చో. ముక్కు అచ్చం ఆయనదే. మీ తాత నాకు ఫోర్‌మన్ అమ్మాయ్, ఇక్కడే నది ఒడ్డున అమోనియా ఫ్యాక్టరీలో. ఎప్పుడంటావా... డెబ్బై రెండులో. కాదు కాదు, నా పెళ్లయ్యాక. సరే, ఎప్పుడైతేనేంలే. గొట్టాల నిండా నికెల్ గుళికలు పోసేవాళ్లం. గ్యాసు వాటి మీదుగా పోతేనే సరుకు తయారయ్యేది. ఆ గుళికలేమో మూణ్ణెల్లకే సత్తా పోయి చచ్చిపోయేవి. మీ తాత వచ్చి వాటిని రెండేళ్లు బతికించాడు! మందూ లేదు మాయా లేదు, మొదటిసారి వేడెక్కించేటప్పుడు నిదానం, అంతే. "గంటకు పది డిగ్రీలు! తొందరపడితే నికెల్ రవ్వలన్నీ అతుక్కుని ముద్దయిపోతాయి, ఇక దేనికీ పనికిరావు. మీ అమ్మ గంబో పులుసుకి సన్నసెగ మీద పిండి వేయించడం ఎప్పుడూ చూళ్లేదట్రా వెధవా?" అని అరిచేవాడు. ఆ వెధవని నేనే. నన్ను పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు. నేనంటే గిట్టేది కాదు, అది అందరికీ తెలుసు.

ఇంతకీ ఏం చెబుతున్నా? ఆఁ, ఆ శుక్రవారం. మర్నాడే బాతుల వేట మొదలు. తెల్లారేసరికి ఊళ్లో మగాళ్లందరూ చిత్తడి నేలల్లో పడవల మీద ఉండాలి. మా బావ గేటు బయట హారన్ మోగిస్తున్నాడు. కొత్త గుళికలు సగం కూడా కాగలేదు, అవి కాగితేగానీ నేను కదలడానికి లేదు. మీ తాత భోజనానికెళ్లాడు. నేను వాల్వు కాస్త తిప్పా. కాస్తేనా? గంటకు నలభైయో, ఏభైయో... ఛ, గుర్తులేదు.

ఆ గుళికలు నలభై రోజులకే చచ్చాయి. మేనేజరు ఆ రోజు వేడి ఎలా పెరిగిందో మిషను గీసిన కాగితం ముందు పెట్టి, "ఎవరు చేశారిది?" అన్నాడు. మీ తాత నా వంక చూశాడు. చూసి, "నేనే. వేటకి తొందరై తిప్పాను" అన్నాడు. ఆయన జన్మలో తుపాకీ పట్టలేదమ్మాయ్! నేను పక్కనే ఉన్నా. ఆయన ఉద్యోగం ఊడింది, నాది నిలిచింది. ఎందుకు చేశాడంటావ్? నా పెళ్లాం కడుపుతో ఉందనా? అది ఆయనకెలా తెలుసు? నేనంటే పడదుగా! ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నా, బుర్ర పనిచేయడంలేదు. అడుగుదామని రెండుసార్లు మీ వాకిటిదాకా వచ్చి వెనక్కి పోయా.

ఏంటీ? మీ నానమ్మ కూడా నమ్మిందా? చేజేతులా వాల్వు తిప్పి ఇల్లు ముంచాడని... తను పోయేదాకా అదే మాటందా?

...వానొచ్చేట్టుంది. కారు అద్దాలు ఎత్తావా?