పసుపు గీతకు ఇవతల

అధ్యక్షస్థానంలో ఉన్న డైరెక్టరుగారికి, నాకు ఈ విద్య నేర్పి, మోకాళ్లు సహకరించకపోయినా ఇవాళ రెండంతస్తులు ఎక్కి వచ్చిన మా గురువుగారికి, ముందు వరసలో కూర్చుని త్వరగా ముగించమని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకి (నవ్వులు), తోటి ఉద్యోగులకు, విద్యార్థులకు నమస్కారం.

ఇవాళ్టి పదవీ విరమణ దాకా ఈ సంస్థలో ముప్ఫై ఒక్క ఏళ్లు నేను ఒకటే పని చేశాను. పెద్ద అయస్కాంతంలోకి సన్నటి గాజు గొట్టం దించి, అందులో కరిగి ఉన్న ప్రోటీనును రేడియో తరంగాలతో మెల్లగా తట్టి, దాని పరమాణువులు చెప్పే జవాబు వినడం. ఆ జవాబులు తెర మీద చుక్కలుగా పడతాయి. వాటిని బట్టి అణువులో ఏ భాగం ఎలా కదులుతోందో తెలుస్తుంది. కంటికి ఆనని ఆ వస్తువు నీళ్లలో ముడుచుకుంటూ, విచ్చుకుంటూ, ఒక్క క్షణం కూడా ఊరుకోకుండా ఉంటుందని తెలిశాక మనిషి మామూలుగా ఉండలేడు. బస్సులో పక్కవాడు రెయిలింగు మీద చెయ్యి వేస్తే, ఆ చేతిలో ఎన్ని కోట్ల ప్రోటీన్లు అలా కదులుతున్నాయో అనుకుంటూ దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులున్నాయి. మా ఆవిడే సాక్షి. (నవ్వులు)

నిరుడు నా గుండె లయ తప్పింది. ఛాతీలో పేస్‌మేకర్ అమర్చిన డాక్టరు, ఇంటికి పంపే ముందు నా ఉద్యోగమేమిటని అడిగారు. చెప్పాను. ఆయన కలం పక్కన పెట్టి, ఇక ఆ అయస్కాంతం ఛాయలకు పోవద్దన్నారు. అయస్కాంతం చుట్టూ నేల మీద పసుపు గీత ఉంటుంది కదా, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాటకూడదని. అది నా చేత్తో నేనే గీశాను.

మొదటి వారం గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లోపల యంత్రం టిక్కు టిక్కుమంటుంటే కళ్లు మూతలు పడేవి. నేనూ ఆ గొట్టంలోకి దిగి, పాచిలా తేలుతూ ఊగే ఆ ప్రోటీను పోగుల మధ్య ఎటో కొట్టుకుపోతున్నట్టుండేది. మెలకువ వస్తే గీతకు ఇవతలే ఉండేవాణ్ణి.

అప్పటికి ఒక పని సగంలో ఉంది. ఒక ప్రోటీను, దాని నోటి మీద మూతలాంటి చిన్న ముక్క. ఆ మూత తాలూకు పద్నాలుగు చుక్కలు తెర మీద ఎప్పుడూ పడలేదు. నా చివరి విద్యార్థిని పట్టా పుచ్చుకుని వెళ్లిపోయింది. లోపలికి వెళ్లే మనిషి లేక, మీరంతా శాంపిల్ మేడమ్ అని పిలిచే ఆవిణ్ణి అడిగాను. ఇరవై రెండేళ్లుగా బాక్టీరియాను పెంచి, ప్రోటీను వేరుచేసి, గొట్టంలో నింపి ఆ గుమ్మం దగ్గర నా చేతికిచ్చింది ఆవిడే. లోపలికి రమ్మని నేనెప్పుడూ అనలేదు.

నేను గుమ్మంలోంచి చెప్పేవాణ్ణి, ఆవిడ చేసేది. మూడో రోజూ ఆ చుక్కలు రాలేదు. విసుగొచ్చి, శుద్ధి చేసేటప్పుడే మూత తెగిపోయి ఉంటుందని, శాంపిల్ పాడైందని నలుగురూ వినేలా అన్నాను.

ఆవిడ వెనక్కి తిరగకుండానే, "నా శాంపిల్ పాడవలేదు అన్నయ్యగారూ. మూత అక్కడే ఉంది. మరీ జోరుగానూ కాదు, మరీ నిదానంగానూ కాదు, మధ్యరకంగా కదులుతోందేమో, అందుకే చుక్క చెదిరిపోతోంది. చల్లబరిచి చూద్దాం," అంది.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు చెల్లెమ్మా అని అడిగాను. నేను అచ్చువేసిన వ్యాసాలన్నీ చదివానంది. నా సొంత తమ్ముడు ఒక్కటీ చదవలేదు. (నవ్వులు)

రోజుకు రెండు డిగ్రీల చొప్పున చల్లబరిచాం. ఆరో రోజు పొద్దున పదకొండింటికి, పొగమంచులోంచి మనుషులు వస్తున్నట్టు చుక్కలు వచ్చాయి, జంటలు జంటలుగా. ఒకటి మూత తెరుచుకున్నప్పటిది, ఒకటి మూసుకున్నప్పటిది. పద్నాలుగు జంటలు. తెర గీత లోపల ఉంది, నేను బయట ఉన్నాను. ఆవిడ దాన్ని నా వైపు తిప్పి పట్టుకుని, నేను చాలనేదాకా అలాగే నిలబడింది. నేను చాలా సేపు ‘చాలు’ అనలేదు.

ఇప్పుడు చెప్పవలసింది చెబుతాను. ఆ ఫలితం మీద వ్యాసం రాశాను. ఎప్పటిలాగే చివర కృతజ్ఞతల్లో ఒక్క ముక్కలో ఆవిడ పేరు వేసి, చదివి పెట్టమని ఇచ్చాను. ఆవిడ రెండు అచ్చుతప్పులు దిద్ది, నా బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆ దిద్దిన సిరా చూశాక నాకు తల కొట్టేసినట్టయింది. రచయితల్లో తన పేరు వేయమని ఎందుకు అడగలేదని వెళ్లి అడిగాను.

"అడిగి వేయించుకుంటే అది మీరు వేసినట్టు కాదు కదా అన్నయ్యగారూ," అంది.

ఆ వ్యాసం పోయిన సోమవారం అచ్చుకు వెళ్లింది. మొదటి పేరు ఆవిడదే. కానీ అంతకు ముందు వ్యాసాలు నలభై ఒక్కటి ఉన్నాయి, వాటిని దిద్దలేను. ఆవిడ ఇంటికి వెళ్లి క్షమించమని అడగవచ్చు. కానీ రచయితల్లో ఆవిడ పేరు నేను వదిలేసింది నలుగురి ముందు, అందుకే నలుగురి ముందే అడుగుతున్నాను. చెల్లెమ్మా, క్షమించు. జవాబు ఇవాళే చెప్పనక్కర్లేదు.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీకందరికీ ధన్యవాదాలు. సెలవు.