ఒకే ఎత్తులో రెండు చుక్కలు

దేశం మొత్తం ఆదాయాన్ని లెక్కగట్టే ఆఫీసు అది. పైకప్పు మాత్రం కారుతూనే ఉంటుంది. అక్క అక్కడ అధికారి. మేస్త్రీపని చేసే తమ్ముడు పల్లపు వీధి నుంచి మోకాళ్ళ దాకా తడిసి వచ్చాడు. మధ్యాహ్నం మూడున్నర.

“...టీ వద్దన్నానా? ముందు నేనడిగింది చెప్పు. పక్క దేశానికి సముద్రపు గోడ ఎందుకిచ్చారు, మనకెందుకివ్వలేదు?”

“కూర్చోరా ముందు.”

“అదే సముద్రం, అదే గాలివాన. వాళ్ళ ఇళ్ళూ మునిగాయి, మా ఇళ్ళూ మునిగాయి.”

“ఈ బొమ్మ చూడు. పైకి వెళ్ళేకొద్దీ ముప్పు ఎక్కువ, కుడికి వెళ్ళేకొద్దీ ఆదాయం ఎక్కువ. ఈ చుక్క మనం, ఆ చుక్క వాళ్ళు.”

“రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయిగా!”

“ముప్పు ఒకటే. ఆదాయంలోనే మనం ఈ గీత దాటాం. దాటినవాళ్ళు గోడ సొంతంగా కట్టుకోగలరని, గోడలకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి వాళ్ళ రూలు.”

“ఎవరు? మేమా? వానొస్తే మంచాల కింద ఇటుకలు పెట్టుకునేవాళ్ళం, మేమా డబ్బున్నోళ్ళం?”

“తలసరి లెక్కన చూస్తే...”

“ఆ తలకాయలెవరివో చూపించు!”

“అరవకు. పక్క గదిలో డైరెక్టరు గారున్నారు.”

“సరే, మెల్లిగా అడుగుతా. అంత ఆదాయం ఎక్కణ్ణుంచి ఊడిపడింది?”

“ఓడల కంపెనీలు.”

“ఏ ఓడలు? పుట్టి పెరిగింది ఒడ్డునే, ఒక్కటీ చూళ్ళేదే!”

“అవి ఇటు రావురా. పేరుకే ఇక్కడ రిజిస్టరయ్యాయి. పోస్టాఫీసులో తలా ఒక ఉత్తరాల పెట్టె ఉంది, అంతే. లాభమంతా బయటికే పోతుంది.”

“మరి మన లెక్కలో ఎందుకుంది?”

“తీసేయాలి. తీసేయలేదు.”

“ఎవరు తీసేయలేదు?”

“ఆఫీసు.”

“ఆఫీసుకు చేతులుంటాయా? నీళ్ళు నమలకు అక్కా.”

“...నేనే. పేద దేశమన్న పేరు పోవాలని పైవాళ్ళు గీత ఎలాగైనా దాటించమన్నారు, దాటించాను. ఆ రోజు అందరూ నిలబడి చప్పట్లు కొట్టారు.”

“అయితే ఇప్పుడు తీసేయ్.”

“సవరణకు ఇవాళ నాలుగింటి దాకా టైముంది. పంపితే గోడ సంగతి మళ్ళీ చూస్తారు. కానీ తప్పు చేశానని నా చేత్తో నేనే రాసివ్వాలి.”

“రాయి.”

“ఉద్యోగం పోతుందిరా.”

“మొన్న నీళ్ళొస్తే పాపని బీరువా మీద కూర్చోబెట్టాను. మూడేళ్ళ పిల్ల. నీ మేనకోడలు. తెల్లారేదాకా దాని కాళ్ళు పట్టుకుని నిలబడ్డాను.”

“నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? మీ బావకు పని లేదు. నాకూ పిల్లలున్నారు.”

“మీ ఇల్లు మిట్ట మీద ఉంది.”

“ఉంది. సిగ్గుగానే ఉంది. ఏం చెయ్యమంటావు?”

“గడియారం వంక చూడ్డం మానెయ్యమంటాను.”

“చూడట్లేదు.”

“నాలుగయ్యేదాకా నన్ను మాటల్లో పెడుతున్నావు కదూ?”

“కొంచెం టీ అన్నా తాగరా...”

“వద్దు. రేపు పొద్దున్నే బయల్దేరుతున్నా. అది చెప్పడానికే వచ్చా.”

“ఎక్కడికి?”

“పక్క దేశానికి. వాళ్ళ గోడ కట్టడానికి. మేస్త్రీలు చాలట్లేదని ఇక్కణ్ణుంచి తీసుకెళ్తున్నారు.”

“మరి మరదలూ, పాపా?”

“ఆ వీధిలోనే. పనివాళ్ళ షెడ్లలోకి పెళ్ళాం పిల్లల్ని రానివ్వరట. ఒకటి చెప్పక్కా. అక్కడ నాకిచ్చే కూలి ఏ దేశం ఆదాయం?”

“ఇప్పుడెందుకురా అది?”

“చెప్పు.”

“...మనదే. నీ ఇల్లు ఇక్కడుంది కదా, కాబట్టి మనదే. నువ్వు అక్కడ గోడ కట్టినంతకాలం, ఆ కూలి మన ఆదాయంలో కలిపి, మన చుక్కని ఇంకా కుడికి జరపాల్సింది కూడా నేనే.”