పద్దెనిమిది నిమిషాల దారి

బడి ఎదురుగా ఉన్న టీకొట్టులో, సెలవు పెట్టి వచ్చిన ఓ నర్సు పక్కన కూర్చున్న పెద్దాయన్ని అడిగింది. "ఆసుపత్రి నుంచి ఇక్కడికి ఎంతసేపు పడుతుంది బాబాయిగారూ? మా పాప కొత్తగా చేరింది. రెండుసార్లు ఆలస్యంగా వస్తే, రెండుసార్లూ గేటు పట్టుకుని ఏడుస్తోంది. పెద్ద నర్సుని ఎన్ని నిమిషాల ముందు వదలమనాలో తెలియడం లేదు."

"అడగాల్సినవాణ్ణే అడిగావమ్మా. ట్రాఫిక్ సర్వేలో ఈ మెయిన్ రోడ్డుకి టైము కట్టింది నేనే. పద్ధతేమిటంటే, మన కారుని ఎన్ని బళ్లు దాటితే మనమూ అన్నిటినే దాటాలి. అప్పుడే అది మామూలు మనిషి ప్రయాణం. అలా నాలుగు వందల సార్లు తిరిగాను."

"నిన్న మూడు వందలన్నారు," అన్నాడు టీకొట్టతను.

"నిన్న వంద మరిచిపోయాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓ రోజు రోడ్డు చివర ఓ సైకిలు నన్ను దాటేసి సందులోకి పోయింది. లెక్క సరిపోవాలంటే నేనూ ఒకణ్ణి దాటాలి కదా, ముందు చూస్తే నరపురుగు లేదు. పోయాను, పోయాను, ఊరు దాటాను, రెండు జిల్లాలు దాటాను, చివరికి ఓ తోపుడుబండి దొరికింది. దాన్ని దాటి టైము రాశాను. పదకొండు గంటల నాలుగు నిమిషాలు."

"ఆ బండివాడు మళ్లీ మిమ్మల్ని దాటలేదా?"

"దాటబోయాడు. కాళ్లావేళ్లా పడి ఆపాను. ఇక రోడ్డు నాకెంత అలవాటైందంటే, పొద్దున్నే దిండుకి చెవి ఆనిస్తే ఆ రోజు ఎన్ని నిమిషాలో వినపడేది. ఓ పెళ్లికొడుక్కి పద్దెనిమిదని చెబితే పదిహేడుకే చేరి, నా మాట పోకూడదని మలుపులో నిమిషం నిలబడ్డాడు. సిగ్నల్ దీపాలు నన్నడిగే రంగు మార్చేవంటే చూసుకో."

"అయితే పద్దెనిమిది నిమిషాలు అడిగితే చాలన్నమాట," అంది నర్సు.

టీకొట్టతను గ్లాసు తుడుస్తున్నవాడల్లా ఆగాడు. "అమ్మా, ఈయన మనవరాలూ ఈ బళ్లోనే. ఇల్లు మీ ఆసుపత్రి పక్కనే. బడి వదిలేది నాలుగింటికి. ఈయన రోజూ మూడింటికే వచ్చి కూర్చుంటారు."

పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"పద్దెనిమిది అబద్ధం కాదమ్మా, అది సగటు. ఇరవై రోజుల్లో పందొమ్మిది రోజులు పాతికలోపే చేరతావు. ఒక్కరోజు మాత్రం నలభై ఐదు. అది ఏ రోజో నాకు ఒక్కసారీ ముందు తెలియలేదు. నలభై ఐదే అడుగు. పెద్ద నర్సు ఇవ్వనంటే, ఇవాళే టీచరుకి కాగితం రాసిచ్చి నన్ను చూపించు. నువ్వొచ్చేదాకా పాప మా మనవరాలితో ఆడుకుంటుంది."